టీవీలోకి రాని ర్యాంపు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ ఎప్పటినుంచో తెలుసు. నేనే ఆలస్యంగా ఒప్పుకున్నాను. ఒప్పుకున్నది ఆ రోజే.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి అన్నయ్య రొయ్యల చెరువుల దగ్గర నుంచి వస్తానన్నాడు. వచ్చి, నేను గీసిన ఇల్లు టీవీలో చూస్తానన్నాడు. నచ్చితే సరే. నచ్చకపోతే మర్నాడు పొద్దున మేస్త్రి తన ప్లాను ప్రకారమే ముగ్గు పోసేస్తాడు. పునాది ఎక్కడెక్కడ తవ్వాలో నేల మీద సున్నంతో గీతలు పెట్టడాన్నే మేం ముగ్గు పోయడం అంటాం. ముహూర్తం చూసి పోసిన ముగ్గును మళ్ళీ చెరిపి పోయడానికి మా వైపు ఎవరికీ మనసొప్పదు. కాబట్టి తాడో పేడో ఆ సాయంత్రమే తేలాలి.

నేను పాలకొల్లులో ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. ఎనిమిదేళ్ళు ఒక ఇంజనీరు గారి ఆఫీసులో కూర్చుని గీశాను, ఇప్పుడు మా ఇంట్లోనే ముందు గదిలో కూర్చుని గీస్తున్నాను. ఎవరెవరికో గీశాను. పుట్టింటికి గీయడం అదే మొదటిసారి. అదీ ఎవరూ అడక్కుండానే, మా అక్క కోసం గీశాను.

మా పుట్టిల్లు పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య కాలవ పక్కన ఉన్న ఊళ్ళో ఉంది. ఆ ఇల్లు కట్టినప్పుడు రోడ్డు కంటే మోకాలెత్తు పైన ఉండేదట. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్తది వేస్తారు కాబట్టి అది పెరుగుతూ వచ్చింది, ఇల్లు ఉన్నచోటే ఉండిపోయింది. ఇప్పుడు మా అరుగూ రోడ్డూ ఒకే మట్టం. వీధిలో కొత్తగా కట్టే ప్రతివాళ్ళూ పక్కింటి కంటే ఒక అడుగు మెరక చేసి కడుతున్నారు. మొన్నామధ్య వానలకి కాలవ పొంగి హాల్లోకి పాదం మునిగేంత నీళ్ళొచ్చాయి. మంచాల కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని మూడు రోజులు గడిపారు. అప్పుడే అన్నయ్య శపథం చేశాడు. పక్కనున్న ఖాళీ స్థలంలో కొత్తిల్లు కడతాడు, నాలుగడుగుల ఎత్తు పునాది మీద కడతాడు, అందులో బేరం లేదు.

నాలుగడుగుల ఎత్తంటే ముందు ఏడు మెట్లు. మేస్త్రి గీసిన కాగితంలో ఆ ఏడు మెట్లూ గ్రానైటుతో సహా ఉన్నాయి.

మా ముగ్గురిలో పెద్దది అక్క. మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయాయి. చక్రాల కుర్చీలో ఉంటుంది, లేసు అల్లుతుంది. పొద్దున పనులయ్యాక అరుగు మీదున్న చెక్క పలక మీదుగా కుర్చీ తనే తోసుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోతుంది. ఎదురింటి అరుగు దగ్గర లేసు అల్లే ఆడవాళ్ళు నలుగురైదుగురు చేరతారు. అక్క అక్కడ ఉంటుంది, లేకపోతే కాలవ వంతెన దగ్గర కొట్లో దారపు ఉండలు కొంటూ ఉంటుంది. ఎవరి సాయమూ అడగదు. నీళ్ళను ఇంట్లోకి రానిచ్చిన ఆ పల్లపు ఇల్లే అక్కను వీధిలోకి పోనిచ్చింది.

మరి ఏడు మెట్ల సంగతేంటని నేను అడిగితే అన్నయ్య ఒకటే మాట అన్నాడు.

"మేం లేమా? నేనూ చెరువు కాడి కుర్రాడూ చెరో పక్కా పట్టుకుంటే కుర్చీతో సహా దించెయ్యమూ?"

ప్రేమగానే అన్నాడు. అదే నా బాధ. వీధిలోకి వెళ్ళాలనిపించిన ప్రతిసారీ ఇద్దరు మగవాళ్ళు ఇంట్లో ఉన్నారో లేదో చూసుకుని, వాళ్ళను పిలిచి, వాళ్ళ తీరిక కోసం కాచుకోవాలి. అలా రెండు సార్లు పిలిచి, మూడోసారికి మానేస్తుంది అక్క. దాని సంగతి నాకు తెలుసు. అన్నయ్య ఆ మాట అన్నప్పుడు కూడా తల వంచుకుని లేసు అల్లుకుంటూ కూర్చుంది.

అందుకని ర్యాంపు గీశాను. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలి, అంటే నలభై ఎనిమిది అడుగులు. దాన్ని మధ్యలో మడిచి ఇంటికి ఉత్తరం పక్కన రెండు వరసలుగా సర్దాను. ఉత్తరం వైపు ఖాళీ ఎక్కువుండాలనే వాస్తుకి కూడా సరిపోయింది. అన్నయ్యకి కాగితం మీద చూపిస్తే మొహం చిట్లించాడు.

"ఇంటి పక్కన ఇంత పొడుగు దిబ్బేంటే? ఆసుపత్రిలా ఉంటాది. కారెక్కడ పెట్టుకోను?"

అన్నయ్యకి గీతలు చదవడం రాదు. కట్టాక చూస్తే తప్ప అర్థం కాదు. అందుకే కట్టేసినట్టు చూపించే త్రీడీ బొమ్మ తయారు చేశాను. మౌస్ పట్టుకుని కదిలిస్తే గేటులోంచి లోపలికి నడిచినట్టే ఉంటుంది. రంగులు, నీడలు, అన్నీ ఉంటాయి. నెల్లాళ్ళు పట్టింది. అది చూడడానికి అన్నయ్యకి తీరిక దొరికింది మాత్రం ముగ్గు పోసే ముందురోజు సాయంత్రం.

పొద్దున పదింటికల్లా పుట్టింటికి చేరి, లాప్‌టాప్ తీసి, హాల్లో గోడకున్న పెద్ద టీవీకి కేబుల్ తగిలించాను. టీవీ నల్లగా ఉంది. సిగ్నల్ లేదన్న మాట ఒక మూల నుంచి ఇంకో మూలకి తేలుతూ పోయింది. సరే, టీవీ సంగతి తర్వాత చూద్దామని లాప్‌టాప్‌లోనే ఇల్లు తెరిచాను. గేటు కనిపించింది. ముందుకి నడవబోతే పెళ్ళి ఆల్బమ్‌లో పేజీలు తిప్పినట్టు ఒక్కో బొమ్మా ఆగి ఆగి వచ్చింది. నెల క్రితం నీళ్ళలా సాగిన బొమ్మ అది.

నా లాప్‌టాప్‌లో బొమ్మలు గీసే కార్డులు రెండున్నాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్నది, కరెంటు తక్కువ తింటుంది, మామూలు పనులు దానివి. రెండోది విడిగా ఉండే పెద్దది, త్రీడీ లాంటి బరువు పనులకి. అది పనిచేస్తే లాప్‌టాప్ వేడెక్కుతుంది, ఫ్యాను రొద పెడుతుంది. ఎప్పుడు ఏది పనిచెయ్యాలో లాప్‌టాపే చూసుకుంటుంది. ఇదంతా నాకు తెలుసనే ధీమా ఉండేది నాకు.

కేబుల్ మీద అనుమానం వచ్చింది. సెట్‌టాప్ బాక్సుకున్న కేబుల్ ఊడదీసి పెట్టాను, అదే నలుపు. నా కేబుల్ తీసి సెట్‌టాప్ బాక్సుకి పెడితే ఎవరో ఆవకాయ కలుపుతూ కనిపించారు. అంటే కేబుల్ మంచిదే, టీవీ మంచిదే. రోగం నా దగ్గరే ఉంది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. రెండు తెరల మీదా చూపించమని చెప్పే మీటలు నొక్కితే, అసలు రెండో తెరే లేదంది. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పినట్టు నాలుగు మీటలు కలిపి నొక్కాను, తెర ఒకసారి రెప్ప వేసి బీప్ అంది, అంతే. చార్జర్ పీకి చూశాను. పెట్టి చూశాను. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొత్తది దింపుదామంటే ఫోన్ నెట్ నూటికి మూడు దగ్గర ఆగి కదలనంది. హాల్లోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి హాల్లోకీ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఫోన్ ఎత్తి పట్టుకుంటే సిగ్నల్ వస్తుందేమోనని మంచమెక్కి నిలబడ్డాను కూడా. వదిన వంటింట్లోంచి తొంగి చూసి, నా మొహం చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

పాలకొల్లులో ఎప్పుడూ చూపించే రిపేరు షాపతనికి ఫోన్ చేశాను.

"రెండు కార్డులున్న వాటికి ఇదొక జబ్బేనండి, మేడం. హీటుకి చిప్పు పోయి ఉంటుందండి. తీసుకొచ్చేయండి, బోర్డు విప్పి చూద్దాం. రెండ్రోజులు పడుతుందండి."

"రెండ్రోజులు నాకు లేవండి. సాయంత్రం నాలుగింటికి కావాలి."

"అయితే ఏం చెయ్యలేమండి," అన్నాడతను, పాపం మర్యాదగానే.

పన్నెండున్నర దాటింది. మూడున్నర గంటలు. రేపీపాటికి ఏడు మెట్లకి చోటు గీసేసి ఉంటారు. నాకు కళ్ళ ముందు సున్నం గీతలే కనిపిస్తున్నాయి. అన్నం తినమని వదిన పిలిస్తే వద్దన్నాను. అక్క పక్కనే కుర్చీలో కూర్చుని, పొద్దుటి నుంచీ నా అవస్థ చూస్తూ నెమ్మదిగా అల్లుకుంటోంది. ఆ నెమ్మది చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఎవరి కోసం ఇంత హైరానా పడుతున్నానో ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదనిపించింది. సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. పదిహేను రోజుల క్రితం తుఫాను వచ్చి మా పాలకొల్లు వీధిలో కరెంటు పోతే నేను లాప్‌టాప్‌తో సహా ఇక్కడికే వచ్చి నాలుగు రోజులున్నాను. అప్పుడు అక్క దీంట్లో లేసు వీడియోలు చూసేది.

"తుఫాను రోజుల్లో నువ్వు దీని ముందు కూర్చున్నావు కదా. ఏం నొక్కావు?" అన్నాను.

అక్క సూది ఆపింది. "వీడియో మీద నొక్కాను. ఆపడానికి మళ్ళీ నొక్కాను. అంతేనే."

"అంతే అయితే ఇలా ఎందుకవుతుంది? ఇంకేదో కెలికే ఉంటావు. నీ కోసమే కదా నేను చస్తున్నది, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దూ?"

అన్న మరుక్షణమే నోరు జారానని తెలిసింది. తెలిసినా వెనక్కి తీసుకోలేదు. కోపం దిగడానికి నాకు టైం పడుతుంది. అక్క లేసు ఒళ్ళో పెట్టుకుని, చక్రాలు తిప్పుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. అరుగు మీద చెక్క పలక కిర్రుమనడం వినిపించింది.

ఆ తర్వాత మూడు గంటలు ఏం చేశానో వరసగా చెప్పలేను. చేసిందే మళ్ళీ మళ్ళీ చేశాను. చెమటకి మౌస్ జారుతోంది. మూడున్నరకే అన్నయ్య బండి చప్పుడైంది. నాలుగింటికన్నవాడు అరగంట ముందే వచ్చాడు. కుళాయి దగ్గర కాళ్ళ బురద కడుక్కుని లోపలికొచ్చి, నల్లటి టీవీ వంకా నా వంకా చూశాడు.

"అయిందా?"

"కాలేదు."

"పోన్లే. మేస్త్రి ప్లానే కానిద్దాం. నువ్వు మాత్రం ఎంతని పడతావు?"

"ఆగు అన్నయ్యా. ఐదు నిమిషాలు ఆగు," అన్నాను.

అన్నయ్య వెళ్ళలేదు. వదిన ఇచ్చిన టీ పట్టుకుని నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అసలు అందులో ఏం పాడైందని అడిగాడు. చిన్న కార్డు, పెద్ద కార్డు, ఏది దేనికో విసుక్కుంటూనే చెప్పాను.

"ఓహో. లైను కరెంటూ జనరేటరూ అన్నమాట."

"ఆ, అలాంటిదే అనుకో."

"మరి లివరు ఎటు వేసుంది?"

నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

రొయ్యల చెరువుల దగ్గర పుట్టి పెరిగిన వాళ్ళకి ఆ లివరు సంగతి చెప్పక్కర్లేదు. చెరువు గట్టు మీది షెడ్డులో గోడకి చేంజోవర్ ఉంటుంది. లివరు పైకి వేస్తే లైను కరెంటు, కిందకి వేస్తే జనరేటరు, మధ్యలో ఉంచితే రెండూ లేవు. చెరువులో గాలాడించే ఏరేటర్లు ఆగకూడదు కాబట్టి కరెంటు పోగానే పరుగెత్తి లివరు మార్చాలి. నా చిన్నప్పుడు నాన్న నా మణికట్టు పట్టుకుని నేర్పాడు. "రెండూ ఒక్కసారి కలవడానికి వీల్లేదు. కలిస్తే జనరేటరు కాలిపోద్ది, స్తంభమెక్కి పనిచేసేవాడు చచ్చిపోతాడు." మా ఇంట్లో అన్నం ముందు చేతులు కడుక్కోవడం ఎలాగో ఇదీ అలాగే. ఒకటి నడుస్తుంటే రెండోది ఆగి ఉండాలి.

అప్పుడు గుర్తొచ్చింది. తుఫాను రోజుల్లో ఇక్కడ ఇన్వర్టర్ మీద పనిచేసుకుంటూ, లాప్‌టాప్ ఫ్యాను అంత రొద ఎందుకు పెడుతోందోనని లోపలి భాగాల జాబితా తెరిచాను. డిస్‌ప్లే అడాప్టర్లు అన్నచోట రెండు పేర్లున్నాయి. రెండూ ఆన్‌లోనే ఉన్నాయి. చూడగానే నాన్న నేర్పిన భయం పట్టుకుంది. రెండూ ఒకేసారి ఆన్‌లో ఉన్నాయేంటని, ముందూ వెనకా చూడకుండా పెద్దదాన్ని ఆపేశాను. నిజంగానే ఆపాలా అని లాప్‌టాప్ అడిగింది కూడా. ఆపమన్నాను. ఫ్యాను సద్దుమణిగింది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను. ఆ తర్వాత మామూలు గీతల ప్లాన్లే గీశాను, వాటికి చిన్న కార్డు చాలు. అందుకే ఏ తేడా తెలియలేదు.

జాబితా తెరిచాను. ఇప్పుడు పెద్ద కార్డు పేరు పక్కన కిందకి తిరిగిన చిన్న బాణం గుర్తుంది. ఆపి ఉందని దానర్థం. ఆన్ చేశాను. తెర ఒక్క క్షణం నల్లబడింది, ఫ్యాను గుర్రుమంది, గోడ మీద టీవీలో మా గేటు ప్రత్యక్షమైంది. ఈ లాప్‌టాప్‌లో టీవీకి వెళ్ళే దారి పెద్ద కార్డుకే అతికించి ఉందట. కార్డును ఆపేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. లాప్‌టాప్‌లో రెండూ ఆన్‌లోనే ఉండాలి, చిన్నది పనిచేస్తూ అవసరమైనప్పుడు పెద్దదాన్ని లేపుతుంది. ఏదీ కాలిపోదు.

సంగతంతా చెబితే అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎంత చదివినా నీకు చెరువు గట్టు బుద్ధి పోలేదే!"

నాకు నవ్వు రాలేదు. వాకిలి వంక చూశాను. అన్నయ్యే కేకేశాడు. "అక్కా, ఇలా రా! నీ దారి చూద్దువుగాని."

అక్క వచ్చింది. దాని మొహంలోకి చూడలేక బొమ్మ నడపడం మొదలుపెట్టాను. గేటు తీసుకుని లోపలికి వెళ్ళాం. ర్యాంపు ఎక్కాం, చివర తిరిగాం, రెండో వరసలో పైకి వచ్చి వరండాలో నిలబడ్డాం. ఎక్కడా ఆగలేదు. అన్నయ్య టీ గ్లాసు పక్కన పెట్టి ముందుకి వంగాడు. కారు షెడ్డుని దక్షిణం పక్కకి మార్చిన చోటు చూపించాను.

"ఆసుపత్రిలా లేదే," అన్నాడు కాసేపటికి. "బానే ఉంది."

నెగ్గాననుకున్నాను. అక్క వైపు తిరిగి, "నచ్చిందా?" అన్నాను.

అక్క టీవీ వంకే చూస్తోంది. "ఇందులో నడుస్తున్నదెవరే?" అంది.

"అంటే?"

"గేటు మీద నుంచి అవతల రోడ్డు కనపడుతోంది కదా. నాకలా కనపడదు."

ఆ సాఫ్ట్‌వేర్‌లో నడిచే మనిషి కంటి ఎత్తు ఐదున్నర అడుగులని ముందే పెట్టి ఉంటుంది. నెల్లాళ్ళూ నేను దాన్ని ముట్టుకోలేదు. సంచీలోంచి టేపు తీసి అక్క కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను. నేల నుంచి దాని కంటి దాకా మూడడుగుల ఎనిమిదంగుళాలు. ఆ అంకె వేసి మళ్ళీ గేటు దగ్గర నుంచి మొదలుపెట్టాను.

ర్యాంపుకి రెండు పక్కలా పడిపోకుండా నేను కట్టించిన గోడ నాలుగడుగులుంది. అక్క కంటి ఎత్తు నుంచి చూస్తే ఇరవై నాలుగడుగుల పొడవునా సిమెంటు గోడ తప్ప ఏమీ లేదు. మలుపు తిరిగాక ఇంకో సిమెంటు గోడ. వరండాలో కూడా అదే ఎత్తు పిట్టగోడ. దాని పైన కరెంటు తీగలు, ఆకాశం. రోడ్డు లేదు. ఎదురింటి అరుగు లేదు. దానిమీద లేసు అల్లే వాళ్ళెవరూ లేరు.

నాకు సిగ్గేసింది. అక్కను వీధిలోకి తీసుకెళ్తున్నానని ఊళ్ళో అందరితోనూ చెప్పుకున్నాను. ఒక్కసారి దాని పక్కన కూర్చుని గీసి ఉంటే ఈ గోడలు కట్టేదాన్ని కాదు.

"నీకేం కనపడాలక్కా?" అన్నాడు అన్నయ్య. ఈ ఇంట్లో దానికేం కావాలని ఎవరైనా అడగడం అదే మొదలు.

"ఎదురరుగు మీదికి ఎవరొచ్చారో కనపడాలి," అంది అక్క. "వాళ్ళకి నేను కనపడాలి."

అన్నయ్య లేచి మేస్త్రికి ఫోన్ చేశాడు. రేపు మా చెల్లెలి ప్లాను ప్రకారమే ముగ్గు పొయ్యాలండి, కొలతలు తనే వచ్చి చెబుతుందండి అని వాకిట్లో నిలబడి గట్టిగా చెబుతున్నాడు. నేను గోడలన్నీ తీసేశాను. వాటి చోట గొట్టాల రైలింగు పెట్టాలి. మౌస్ వదిలి అక్క వైపు తిరిగాను.

"అక్కా, దీన్ని ఆపేసింది నేనే. మధ్యాహ్నం నిన్ను అనవసరంగా అన్నాను."

"నువ్వేనని తెలుసు. ఆ రోజు నీ పక్కనే కూర్చున్నాను కదే. ఏదో ఆపేసి, ఫ్యాను మోత పోయిందని తెగ సంబరపడ్డావు."

"మరి మధ్యాహ్నం చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా," అంది అక్క. "ఏం నొక్కావనే అడిగావు."

నేను లాప్‌టాప్ ఎత్తి దాని ఒళ్ళో పెట్టాను. కింద నేల మీద కూర్చుని, రైలింగు ఎంత ఎత్తు పెట్టమంటావని అడిగాను.